మొగల్ దర్బారు శైలిలో పెంపుడు కుక్క బొమ్మ గీసే విధానం

కుక్కకు రాజుగారి అంగరఖా తొడిగి, తలపాగా చుట్టి, సింహాసనం మీద కూర్చోబెట్టిన బొమ్మలను ఈ మధ్య చాలామంది ముచ్చటపడి గీయించుకుంటున్నారు. చూడగానే నవ్వు వచ్చే మాట నిజమే గానీ, మొగల్ దర్బారు చిత్రకారులు జంతువుల చిత్రాలను గీసిన తీరు అది కాదు. జహంగీరు కొలువులోని ఉస్తాద్ మన్సూర్ 1621లో గీసిన జీబ్రా చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పక్కకు తిరిగి నిలబడిన జంతువు, దాని కళ్ళెం తాడు, వెనుక దాదాపు ఖాళీగా వదిలిన నేపథ్యం, అంతే. గుర్రానికి ఎవరో చారలు పూశారేమోనని కొందరు అనుమానపడగా, పరీక్షించి చూస్తే అవి పుట్టుకతో వచ్చినవేనని తేలిందని జహంగీరు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అంత పరీక్షగా చూడటమే ఈ శైలికి ప్రాణం కనుక, దుస్తుల ఆలోచన మాని, కుక్కను ఉన్నది ఉన్నట్టు గీయాలి.

ముందుగా మంచి ఫోటో కావాలి. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దదిగా, కాళ్ళు పొట్టిగా పడతాయి కాబట్టి, నేల మీద బోర్లా పడుకొని, ఫోన్‌ను కుక్క భుజం ఎత్తులో ఉంచి, పూర్తిగా పక్కనుంచి తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు.

ఈ చిత్రాలకు వాడే కాగితాన్ని వస్లీ అంటారు. పలుచని కాగితాలను పిండి జిగురుతో ఒకదానిపై ఒకటి అంటించి, పురుగు పట్టకుండా ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలిపి, ఆరిన తరువాత నున్నని రాయితో రుద్ది దానిని తయారుచేస్తారు. మైలుతుత్తం విషం కనుక తయారైన వస్లీ కొనుక్కోవడమే మేలు. అది దొరకకపోతే 300 జీఎస్ఎం మందం ఉన్న హాట్ ప్రెస్డ్ (నున్నటి) వాటర్ కలర్ కాగితం, గువాష్ అనే చిక్కటి నీటి రంగులు, 0, 000 సైజుల సన్నని సింథటిక్ కుంచెలు సరిపోతాయి. ముంగిస వెంట్రుకల కుంచెలను ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి, వాటి వ్యాపారం మన దేశంలో నేరం.

బొమ్మను మొదట పలుచని ఎరుపుతో గీసి, దానిపై తెలుపును నీళ్ళగా పూస్తే పాత గీత మసకగా కనిపిస్తూ ఉంటుంది. తప్పులను అప్పుడు నల్లగీతతో సరిదిద్దుకోవాలి. పూత పూర్తిగా ఆరాక కాగితాన్ని గాజు పలక మీద బోర్లించి, వెనుకవైపు నున్నని అకీకు (అగేట్) రాయితో గానీ గవ్వతో గానీ రుద్దితే రంగు కాగితంలో కుదురుకొని నునుపు తేలుతుంది. రెండు మూడు పూతలకొకసారి ఇలా రుద్దాలి.

ఓపిక కావలసింది బొచ్చు దగ్గరే. ముందు ఒంటి రంగును చదునుగా పరచి, ఆపైన దాదాపు పొడిగా ఉన్న కుంచె మొనతో వెంట్రుక వాలిన దిక్కుకే సన్నని గీతలు వేసుకుంటూ పోవాలి. ఈ పనికి పర్దాఖ్త్ అని పేరు. వెంట్రుకలు ముక్కు నుంచి నుదుటి మీదుగా వెనక్కి వాలడాన్ని, ఛాతీ దగ్గర ఎదురెదురుగా కలిసి సుడి తిరగడాన్ని కుక్కను పక్కన కూర్చోబెట్టుకొని గమనించండి. మా నల్లకుక్కను మొదటిసారి గీసినప్పుడు ట్యూబులోని నలుపునే పూశాను. బొమ్మ కాస్తా కాగితానికి పడిన కన్నంలా తయారైంది. రెండోసారి నీలిమందు రంగులో ముదురు గోధుమ కలిపి ఒళ్ళంతా పరచి, బూడిద నీలంతో వెంట్రుకలు లాగి, అసలు నలుపును ముక్కుపుటాలకు, పెదవి అంచుకు, కంటి కొసకు మాత్రమే ఉంచాను. అప్పుడు గానీ అది మా కుక్కలా కనిపించలేదు. కంటిలోని తెల్లచుక్కను అన్నిటికన్నా చివర, ఒక్కసారే పెట్టాలి.

దర్బారు హోదా చూపాలంటే మెడపట్టీ ఒక్కటి చాలు. దానికి బంగారు రంగు వేసి, ఆరాక మెల్లగా రాయితో రుద్దితే మెరుపు వస్తుంది. చుట్టూ ఉండే అలంకార అంచును, అంటే హాషియాను, వేరే కాగితంపై పూలతీగెలతో గీసి తరువాత అతికించుకోవచ్చు. హైదరాబాదులో ఉన్నవారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని మొగల్, దక్కనీ చిత్రాల అంచులను ఒకసారి దగ్గరగా చూసి వస్తే రంగుల పొందిక అర్థమవుతుంది.

జీబ్రా చిత్రంపై జహంగీరు స్వదస్తూరీ ఉన్నట్టే, మీరు కూడా బొమ్మ పక్కన కుక్క పేరు, వయసు, గీసిన సంవత్సరం మీ చేతితో రాయండి. ఫ్రేము కట్టించేటప్పుడు గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) పెట్టమని చెప్పి, ఎండ పడని గోడకు తగిలించండి.