నాచ్ నిలవట్లేదా? బరంపురం ల్యాబుల్లో సిలికాన్ రింగ్ ఫిల్టర్ తిప్పలు

సమస్య: నాచ్ పక్కకి జరిగిపోతోంది

రేడియో సిగ్నల్‌ని (ఆర్ఎఫ్) మాడ్యులేటర్‌తో లేజర్ కాంతి మీదకి ఎక్కించి, చిప్ మీది సిలికాన్ రింగ్ గుండా పంపితే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్‌లో గొయ్యి పడుతుంది, అదే నాచ్. అది జరిగితే అందరూ లేజర్‌ని అనుమానిస్తారు గానీ ముందు ఏసీ చప్పుడు వినండి. కంప్రెసర్ ఆగినప్పుడు ఒకవైపు, మళ్లీ అందుకున్నప్పుడు ఇంకోవైపు వీఎన్ఏ (ఫ్రీక్వెన్సీ వారీగా సిగ్నల్ కొలిచే పరికరం) తెర మీద నాచ్ ఊగుతుంటే దొంగ దొరికినట్టే. 1550 నానోమీటర్ల దగ్గర సిలికాన్ రింగ్ రెజొనెన్స్ (రింగ్ కాంతిని పట్టేసే తరంగదైర్ఘ్యం) ఒక్క డిగ్రీకి సుమారు 70-80 పికోమీటర్లు జరుగుతుంది, మైక్రోవేవ్ లెక్కలో అది 9-10 గిగాహెర్ట్జ్, అంటే ఎక్స్ బ్యాండ్‌లో (8-12 గిగాహెర్ట్జ్) పెట్టుకున్న నాచ్ ఒక్క డిగ్రీకే బ్యాండ్ దాటేస్తుంది. చిప్ కింద పెల్టియర్ కూలర్ (కరెంటుతో చల్లబరిచే, వేడిచేసే పలక), థర్మిస్టర్ (వేడి కొలిచేది), ఆ కొలత చూసి ఉష్ణోగ్రతని నిలిపే పీఐడీ కంట్రోలర్ తప్పవు.

గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఇంకో తిరకాసుంది. ఎక్కడో చదివి చిప్‌ని 20 డిగ్రీలకి సెట్ చేశారనుకోండి, కరెంటు పోయి ఏసీ ఆగి పెల్టియర్ కూలర్ మాత్రం యూపీఎస్ మీద నడుస్తుంటే చిప్ మీద చెమ్మ పడుతుంది. 30 పైన పెట్టుకోండి, మనకి కావలసింది చల్లదనం కాదు, నిలకడ.

సమస్య: నాచ్ ఒకవైపు వాలి, అంచు నిలువుగా తెగింది

పవర్ ఎక్కువై రింగ్ తనంతట తానే వేడెక్కుతోంది. లేజర్‌ని చిన్న తరంగదైర్ఘ్యం నుంచి పెద్దదానికి, తర్వాత వెనక్కి స్వీప్ చేయండి, రెండు గీతలూ కలవకపోతే ఇదే కారణం. పవర్ తగ్గించండి. కాకపోతే కాంతి 1 డీబీ తగ్గితే ఆర్ఎఫ్ 2 డీబీ పడిపోతుంది, ఆ నష్టాన్ని చిప్ దాటాక యాంప్లిఫయర్‌తో పూడ్చుకోవాలి, దానితో వచ్చే నాయిస్‌ని భరిస్తూ.

సమస్య: నాచ్ లోతు చాలట్లేదు

ఇక్కడ తొందరపడి చిప్‌ని తిట్టకండి. ఆర్ఎఫ్ పక్కన పెట్టి ఉత్త లేజర్‌తో రింగ్ డిప్ (కాంతిలో పడే గొయ్యి) కొలవండి. అది 30 డీబీ ఉండి ఆర్ఎఫ్‌లో 20 దగ్గరే ఆగిపోతే, తప్పు సింగిల్ సైడ్‌బ్యాండ్‌ది: ఆర్ఎఫ్ ఎక్కించగానే అసలు లేజర్ గీతకి (క్యారియర్) రెండు పక్కలా సైడ్‌బ్యాండ్లు పుడతాయి, మనకి కావలసింది ఒక్కటే. అణచాల్సిన రెండో సైడ్‌బ్యాండ్ మొదటిదానికి 20 డీబీ కిందే ఉండిపోయి, క్యారియర్‌తో కలిసి అదే ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ పుట్టించి గొయ్యిని పూడ్చేస్తోంది. మాడ్యులేటర్ బయాస్ (దానికిచ్చే స్థిర వోల్టేజ్), 90 డిగ్రీల హైబ్రిడ్ (ఆర్ఎఫ్‌ని 90 డిగ్రీల ఫేజ్ తేడాతో రెండుగా చీల్చేది) సరిచూడండి. బయాస్ గంటగంటకీ జారుతుంది, ఆటోమేటిక్ కంట్రోలర్ ఉంటే హాయి. డిప్పే తక్కువుంటే కప్లింగ్ (పక్క దారి నుంచి రింగ్‌లోకి మళ్లే కాంతి పాలు) కుదరలేదని, కప్లర్ హీటర్ ఉంటే కొంచెం కొంచెంగా మార్చండి, ఆ వేడి రింగ్‌కీ పాకుతుంది కాబట్టి రెండు హీటర్లనీ మార్చి మార్చి సర్దాలి.

సమస్య: సిగ్నలే పడిపోయింది

ఫైబర్ కొనలు తుడవండి. గ్రేటింగ్ కప్లర్‌కి (ఫైబర్‌లోని కాంతిని చిప్‌లోకి దించేది) నచ్చేది ఒక్క పోలరైజేషనే (కాంతి కంపించే దిశ), పక్కవాడి మోచెయ్యి తగిలి ఫైబర్ కదిలినా అది మారిపోతుంది, అందుకే ఫైబర్‌ని టేపుతో బల్లకి అంటించాకే పోలరైజేషన్ కంట్రోలర్ తిప్పండి.