గూస్ అలారం వెనక కథ

మా 132 కేవీ సబ్‌స్టేషన్‌లో పోయిన వానాకాలం ఒక పొద్దున ఫీడర్ బే (ఒక లైన్‌కి సంబంధించిన పరికరాలుండే చోటు) దగ్గర గూస్ ఫెయిల్ అని అలారం వచ్చి కూర్చుంది. గూస్ అంటే, లైన్‌లో లోపం పసిగట్టి బ్రేకర్‌ని ట్రిప్ చేయించే రిలేలు నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి పంపుకునే మెసేజ్. నెట్‌వర్క్ స్విచ్ చూశాం, ఫైబర్ ప్యాచ్ కార్డ్ మార్చాం, అబ్బే, కదల్లేదు. చివరికి ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే మెసేజ్‌లు చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి చూస్తే మెసేజ్‌లు దర్జాగా వస్తూనే ఉన్నాయి, కాకపోతే వాటిలో కాన్ఫ్‌రెవ్ (మెసేజ్ అమరిక వెర్షన్ నంబరు) 3 అని ఉంది, అందుకునే రిలే మాత్రం ఇంకా 2 కోసమే కాచుకుని ఉంది. అంటే పంపే రిలేలో డేటాసెట్ (మెసేజ్‌లో వెళ్లే సిగ్నళ్ల జాబితా) ఎవరో మార్చారన్నమాట. లాగ్ తీస్తే ముందురోజు రాత్రి వెండర్ ఇంజనీరు రిమోట్‌లో వచ్చి, ఒక సిగ్నల్ కలిపి, ఆ ఒక్క రిలేలోనే ఎక్కించి వెళ్లిపోయాడు. ఒక బ్రేకర్ తెరుచుకోకపోతే పక్క బ్రేకర్లను తెరవమని చెప్పే బ్రేకర్ ఫెయిల్యూర్ సిగ్నల్ వెళ్లేది కూడా ఆ మెసేజ్‌లోనే! ఆ రాత్రి బ్రేకర్ మొరాయించి ఉంటే?

పర్మిట్ తీసుకుని, సబ్‌స్టేషన్ రిలేలన్నిటి అమరిక ఉండే ఎస్‌సీడీ ఫైల్‌లోనే మార్పు చేసి, రెండు రిలేల్లోనూ ఎక్కించి, టెస్ట్ కిట్‌తో ట్రిప్ చూసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాం.

అసలు తప్పు మాదే, రిమోట్ రౌటర్ ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో, అందరికీ ఒకటే పాస్‌వర్డ్. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌లో దాదాపు 2.25 లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది కూడా హ్యాకర్లు ఇలాంటి రిమోట్ దారిన చొరబడినందుకే. ఇప్పుడు ఆ రౌటర్‌కి సప్లై ఇచ్చే స్విచ్‌కి తాళం, తాళంచెవి షిఫ్ట్ ఆపరేటర్ దగ్గర. ఓటీపీతో వీపీఎన్, తర్వాత జంప్ సర్వర్ (లోపలి పరికరాలకు వెళ్లేముందు దాటాల్సిన మధ్య కంప్యూటర్), అక్కడ సెషన్ మొత్తం రికార్డు. మార్చేముందు పాత ఫైల్ కాపీ, రిజిస్టర్‌లో వెర్షన్ నంబరు, సంతకం. వెండర్ ఇంజనీరు ఫోన్ చేసి "ఐదు నిమిషాల పనే సార్" అంటాడు, నేను మాత్రం ముందు ఫైల్ పంపమంటాను.