సిగ్నల్ వచ్చినా ప్రోగ్రాం నిద్ర లేవడం లేదా? ఇలా సరిచేయండి

పర్లాకిమిడి దగ్గర మా మామయ్యవాళ్ల రైస్ మిల్లులో లారీ కాటాకి, లినక్స్ మీద నడిచే చిన్న సీ ప్రోగ్రాం నేనే రాసి పెట్టాను. బరువు చదవడం ఒక చైల్డ్ ప్రాసెస్ (అసలు ప్రోగ్రాం పుట్టించే ఇంకో ప్రాసెస్) పని. అది ముగియగానే కెర్నల్ (లినక్స్ మూల భాగం) పంపే సిగ్‌చైల్డ్ అనే సిగ్నల్, అంటే చైల్డ్ ముగిసిందనే కబురు, అందుకుని చీటీ ప్రింట్ చేయడం అసలు ప్రోగ్రాం పని. రోజుల తరబడి బాగానే నడిచింది, తీరా ధాన్యం లారీలు బారులు తీరిన ఒక సాయంత్రం చీటీ రాకుండా అలాగే ఉండిపోయింది. ఆపి మళ్లీ మొదలుపెడితే మామూలే. మీకూ ఇలా అయితే ముందు ఒకచోట చూడండి: ఫ్లాగ్ (సిగ్నల్ వచ్చిందని గుర్తుపెట్టే వేరియబుల్) సున్నా ఉందా అని చూసే లైనుకీ, పాజ్ (సిగ్నల్ వచ్చేదాకా నిద్రపోయే ఫంక్షన్) పిలిచే లైనుకీ మధ్య.

గేటు కాపలా మనిషి లారీ వచ్చిందా అని చూశాడు, రాలేదు, హారన్ కొడితే లేద్దామని పడుకోబోయాడు. కన్ను మూసేలోపే లారీ వచ్చి ఒక్కసారి హారన్ కొట్టి ఊరుకుంది, ఇతను మాత్రం ఇంకో హారన్ కోసం నిద్రలో ఎదురుచూస్తున్నాడు. మన ప్రోగ్రాం చేసేది అదే.

ఊహతో మార్చకండి, ముందు తప్పును రప్పించండి. ఆ రెండు లైన్ల మధ్య స్లీప్ 10 పెట్టి, ఇంకో టెర్మినల్ నుంచి కిల్ కమాండ్‌తో సిగ్‌చైల్డ్ పంపండి. స్లీప్ మధ్యలోనే తెగుతుంది, హ్యాండ్లర్ (సిగ్నల్ అందగానే నడిచే మన ఫంక్షన్) ఫ్లాగ్‌ను 1 చేస్తుంది, అయినా ప్రోగ్రాం పాజ్‌లోకి వెళ్లి ఇక లేవదు.

పాజ్ తీసేసి సెకనుకోసారి ఫ్లాగ్ చూసే లూప్ పెట్టమని చాలామంది చెబుతారు, నాకది అస్సలు నచ్చదు, తప్పు అక్కడే ఉండి కనబడకుండా పోతుంది. సరైన దారి ఇది: సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో సిగ్‌చైల్డ్‌ను బ్లాక్ చేసి (అంటే పోకుండా, అందకుండా ఆపి ఉంచి), ఆ తర్వాతే ఫ్లాగ్ చూడండి, సున్నా ఉన్నంతసేపూ వైల్ లూప్‌లో సిగ్‌సస్పెండ్ పిలవండి. అది పిలిస్తే మాస్క్ (బ్లాక్‌లో ఉన్న సిగ్నళ్ల జాబితా) మార్చడం, నిద్రపోవడం రెండూ కెర్నల్ ఒకే అడుగులో చేస్తుంది కాబట్టి మధ్యలో సందు ఉండదు. దానికిచ్చే మాస్క్‌లో సిగ్‌చైల్డ్ లేకుండా సిగ్‌డెల్‌సెట్‌తో తీసేయండి, పాత మాస్క్‌ను గుడ్డిగా నమ్మితే అందులో అది ముందే బ్లాక్ అయి ఉండొచ్చు. సిగ్‌సస్పెండ్ ఎప్పుడూ -1 తోనే తిరిగొస్తుంది, ఈఇంటర్ (సిగ్నల్ వచ్చి మధ్యలో తెగిందనే ఎర్రర్) చూసి టెన్షన్ పడొద్దు. ఫ్లాగ్‌ను తిరిగి సున్నా చేయడం కూడా సిగ్నల్ బ్లాక్‌లో ఉన్నప్పుడే.

హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మాలాక్ వద్దు. ఫ్లాగ్ రకం వోలటైల్ సిగ్ అటామిక్ టీ.

ఇంకొకటి, నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే: మామూలు సిగ్నళ్లకు క్యూ ఉండదు. బ్లాక్‌లో ఉండగా ముగ్గురు చైల్డ్‌లు ముగిసినా మీకు అందేది ఒక్క సిగ్‌చైల్డ్. అందుకే లేచాక వెయిట్‌పిడ్‌ను (ముగిసిన చైల్డ్ సంగతి తెలుసుకునే ఫంక్షన్) డబ్ల్యూనోహ్యాంగ్‌తో (ఎవరూ ముగియకపోతే ఆగకుండా తిరిగొచ్చేయమనే ఆప్షన్), ముగిసినవాళ్లు ఇంక లేరనేదాకా తిప్పాలి. చైల్డ్‌ల పిడ్‌ల (ప్రాసెస్ నంబర్ల) జాబితా ఉంచుకుంటుంటే, చైల్డ్‌ను పుట్టించే ఫోర్క్‌కు ముందే సిగ్‌చైల్డ్‌ను బ్లాక్ చేయండి, లేకపోతే జాబితాలో రాసేలోపే చైల్డ్ ముగిసిపోవచ్చు. చైల్డ్‌లో ఎగ్జెక్‌కు (వేరే ప్రోగ్రాం ఎక్కించే పిలుపు) ముందు మాస్క్‌ను మామూలు చేయడం మర్చిపోకండి, అది ఎగ్జెక్ దాటి కూడా వెంట వెళ్తుంది.

సిగ్నల్‌తో పాటు సాకెట్‌లో (నెట్‌వర్క్ కనెక్షన్) డేటా కోసం కూడా ఎదురుచూడాల్సి ఉంటే సిగ్‌సస్పెండ్ చాలదు, పీసెలెక్ట్ లేదా పీపోల్ వాడండి. థ్రెడ్‌లు ఉన్నచోట సిగ్‌ప్రాక్‌మాస్క్ బదులు పీథ్రెడ్ సిగ్‌మాస్క్.

అన్నీ మార్చాక ఆ స్లీప్ 10 తీయకుండా మళ్లీ సిగ్నల్ పంపి చూడండి. ఈసారి స్లీప్ తెగదు, పది సెకన్లూ పూర్తవుతాయి, సిగ్‌సస్పెండ్‌లోకి వెళ్లీ వెళ్లగానే ఆగి ఉన్న సిగ్నల్ అంది ప్రోగ్రాం లేస్తుంది. అది కళ్లారా చూశాకే నేను స్లీప్ లైను తీసి, కొత్త ప్రోగ్రాం మిల్లుకు పట్టుకెళ్లాను.