మాగ్నెట్ మోటార్ తిరగట్లేదా? తిరుగుతుంటే ముందు చెయ్యి తీసి చూడండి

మాది ఒడిశా పర్లాకిమిడిలో మోటార్ వైండింగ్ షాపు. బడుల్లో సైన్స్ ఎగ్జిబిషన్ల రోజులొచ్చాయంటే కాలిపోయిన పంపుసెట్ల పక్కనే ఇవీ వరస కడతాయి: కరెంటు అక్కర్లేకుండా ఉత్త అయస్కాంతాలతో తిరుగుతాయనే మోటార్లు. చుట్టూ మాగ్నెట్లు అంటించిన చక్రం, దాని పక్కన బయట ఇంకో మాగ్నెట్, అంతే. ఇక్కడి ఒడియా మీడియం పిల్లలు చుంబక మోటార్ అంటారు, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు మాగ్నెట్ మోటార్ అంటారు. పేరేదైనా జబ్బు ఒకటే. బేరింగు శుభ్రం చేసుకోవడం, మాగ్నెట్‌కి ఉత్తరం ఏవైపో చూసుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సమస్య: కొంచెం తిరిగి, ప్రతిసారీ ఒకే చోట ఊగి ఆగిపోతుంది

మీ పనితనంలో లోపమేమీ లేదు. చక్రం మీది మాగ్నెట్‌ని బయటి మాగ్నెట్ దగ్గరికి లాక్కుంటుంది, అప్పుడు వేగం వస్తుంది. దాటి వెళ్లబోతే అంతే బలంగా వెనక్కి పట్టుకుంటుంది. సైకిల్ మీద ఘాట్ దిగినట్టే. దిగేటప్పుడు తొక్కక్కర్లేదు, కానీ బయలుదేరిన చోటికే మళ్లీ రావాలంటే దిగినంతా ఎక్కాలి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి లాభం సున్నా, బేరింగు రాపిడి మాత్రం నష్టం. మాగ్నెట్లు వాలుగా అంటించినా, ఆరు తీసి పన్నెండు పెట్టినా, వికర్షణకి మార్చినా లెక్క మారదు. మధ్యలో ఇనుప రేకు అడ్డం పెడితే పట్టు తగ్గుతుందంటారు. తగ్గుతుంది నిజమే, కానీ ఆ రేకుని మాగ్నెట్ లాగేస్తుంది కదా, దాన్ని లోపలికీ బయటికీ కదిపే శక్తి ఎక్కణ్నుంచి తెస్తారు?

పోనీ, మాగ్నెట్‌లో దాగున్న శక్తే కొంచెం కొంచెంగా ఖర్చవుతుందనుకుందాం. ఘన సెంటీమీటరు నియోడైమియం మాగ్నెట్‌లో ఒక జౌలు కూడా ఉండదు. ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో సుమారు 10,000 జౌళ్లు ఉంటాయి.

సమస్య: చేత్తో తిప్పి వదిలితే నిమిషం పైగా తిరుగుతుంది

తిప్పింది మీరు. చక్రం ఆ విసురుని దాచుకుంది, మంచి బేరింగు కాబట్టి నెమ్మదిగా ఖర్చవుతోంది. బయటి మాగ్నెట్ తీసేసి, అంతే విసురుతో మళ్లీ తిప్పి, టైము చూడండి. లేనప్పుడే ఎక్కువసేపు తిరుగుతుంది.

సమస్య: మాగ్నెట్ చేత్తో పట్టుకుంటే ఆగకుండా తిరుగుతుంది

ఇక్కడే నేను పరువు పోగొట్టుకున్నాను. ఒక సాయంత్రం మా వీధి కుర్రాడు చక్రం తెచ్చాడు. పాత సీలింగ్ ఫ్యాన్ బేరింగు, చుట్టూ ఎనిమిది మాగ్నెట్లు, అన్నిటికీ ఉత్తరం బయటికే. చేతిలో స్పీకర్ మాగ్నెట్ పట్టుకుని పక్కన పెట్టాడు. ‘తిరగతంది సూడు మావయ్యా’ అన్నాడు. తిరిగింది. అయిదు నిమిషాలైనా ఆగలేదు. బెంచీ కింద చూశాను, సెల్ లేదు, వైరు లేదు. ఇరవై ఏళ్లుగా ఆర్మేచర్లు చుడుతున్నవాణ్ని, నేనూ నమ్మేశాను. మర్నాడు పక్క షాపులవాళ్లని కేకేసి మరీ చూపించాను.

రెండో రోజు కుర్రాడికి చెయ్యి నొప్పెట్టింది. సరే, వైసులో (బెంచీకి ఉండే ఇనుప పట్టులో) బిగిద్దాం అన్నాను. బిగించాం. అర చుట్టు తిరిగి ఆగింది. దూరం మార్చాం, కోణం మార్చాం, ఊహూఁ. మళ్లీ చేత్తో పట్టుకుంటే జామ్మని తిరిగింది.

అప్పుడు చక్రాన్ని వదిలేసి వాడి మణికట్టు చూశాను. చక్రం మీది మాగ్నెట్ దగ్గరికొస్తుంటే ఆ తోపుకి చెయ్యి వెంట్రుకవాసి వెనక్కి తగ్గుతోంది. అది దాటగానే మళ్లీ ముందుకొచ్చి తోస్తోంది. వాడు మోసం చెయ్యలేదు, వాడికే తెలీదు. ఉయ్యాల ఊపేవాడి చెయ్యి లెక్క పెట్టకుండానే తాళానికి పడిపోతుంది చూడండి, అలాంటిదే. మోటారుకి కావలసిన కరెంటు, ఆ కరెంటుని సరైన సమయానికి మార్చి ఇచ్చే కమ్యుటేటరు రెండూ వాడి చెయ్యే. రెండు రోజులకే ఎందుకు నొప్పెట్టిందో అప్పుడర్థమైంది!

కాబట్టి నా దగ్గరికి తెచ్చేముందు ఒక్క పని చేయండి. బయటి మాగ్నెట్‌ని వైసులోనో సీ క్లాంపుతోనో కదలకుండా బిగించండి. చక్రాన్ని పూర్తిగా ఆపి, వేలు తీసేసి, దూరంగా నిలబడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది మాత్రం ఎవరూ చెయ్యరు. ఊరికే వీడియో తీసుకొస్తారు.

మిగతావి

ఎవరూ పట్టుకోకుండానే తిరిగే వీడియోల్లో దాచిన సెల్ గానీ, బల్ల కింద కాయిల్ గానీ, పక్కనుంచి ఊదే గాలి గానీ ఉంటుంది. వాటిమీద టైము పోగొట్టుకోకండి.

బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌లో మాగ్నెట్లే కదా అంటారు. ఉన్నాయి, కానీ ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో లోపల బోర్డు చూసుకుంటుంది. మామూలు ఫ్యాన్‌కి 75 వాట్లు పడితే దీనికి 30 వాట్ల దాకా చాలు, సున్నా మాత్రం చాలదు. అమెరికాలో 1979లో మాగ్నెట్ మోటారుకి పేటెంట్ ఇచ్చారన్నది నిజమే. పేటెంటు కాగితం షాఫ్టుని తిప్పదు. మన పేటెంట్ చట్టంలో అయితే 3(ఎ) సెక్షన్ ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధమైనవాటికి పేటెంట్ లేదంటుంది.

పరిష్కారం

ఎగ్జిబిషన్‌కి తిరిగేదే కావాలంటే ఒక సెల్, రెండు పిన్నీసులు, ఒక మాగ్నెట్, మూరెడు ఎనామెల్ వైరు (పైన పూత ఉన్న రాగి తీగ) తీసుకోండి. వైరుని గుండ్రంగా చుట్టి, రెండు చివర్లూ ఎదురెదురుగా తిన్నగా వదలండి. ఒక చివర ఎనామెల్ మొత్తం గీకండి. రెండోది పై సగమే గీకండి. పిన్నీసుల్ని సెల్ రెండు కొసలకీ తగిలించి నిలబెట్టి, వాటి రంధ్రాల్లో ఈ చివర్లు దూర్చి, కాయిల్ కింద సెల్ మీద మాగ్నెట్ పెట్టండి. సగం చుట్టు కరెంటు పారి తోస్తుంది, మిగతా సగం కరెంటు ఆగి, వెనక్కి లాగకుండా వదిలేస్తుంది. ఉత్త మాగ్నెట్ చెయ్యలేని పని ఆ వదలడమే. తోసే పని సెల్ శక్తిది.

తిరగకపోతే మాగ్నెట్ మార్చడానికి పరిగెత్తకండి, నూటికి తొంభైసార్లు ఎనామెల్ సరిగ్గా గీకి ఉండరు. కాయిల్ ఆగిపోయినప్పుడు సెల్‌కి తగిలించి వదిలేయకండి, వేడెక్కి చెయ్యి కాలుతుంది.