మౌస్ పక్కన పెడితే బయటపడ్డ తప్పులు

నా మొదటి వెబ్ కాంటాక్ట్ ఫారమ్ చూడ్డానికి బాగానే ఉంది. ఒకరోజు మౌస్ పక్కన పెట్టి, తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, ట్యాబ్ నొక్కుతూ పోయాను. ప్రతి గడి దగ్గరా "ఎడిట్, బ్లాంక్" అన్న మాటే. ఏది పేరో, ఏది ఈమెయిలో తయారుచేసిన నాకే తెలియలేదు!

కారణం చిన్నదే. "పేరు", "ఈమెయిల్" అన్న మాటల్ని మామూలు డివ్‌లలో, అంటే పేజీ కోడ్‌లో ప్రత్యేక అర్థమేమీ లేని పెట్టెల్లో, పెట్టాను. కంటికి గడి పక్కనే ఉన్నా, బ్రౌజర్‌కి ఆ రెంటికీ సంబంధం తెలియదు. డివ్‌ల బదులు లేబుల్ ట్యాగ్‌లు పెట్టి, అది ఏ గడిదో చెప్పే ఫర్ విలువలో ఆ గడి ఐడీ, అంటే కోడ్‌లో దాని గుర్తింపు పేరు, రాశాను. గడుల పేర్లు వినిపించాయి. గడి లోపల లేతగా కనిపించే సూచనతో, అంటే ప్లేస్‌హోల్డర్‌తో, సరిపెడదామనుకున్నాను గానీ, టైప్ చేయగానే అది మాయమైపోతుంది.

ఎర్రర్ల దగ్గరే ఎక్కువ టైమ్ పట్టింది. తప్పుంటే గడి అంచు ఎర్రబడేది, అంతే. ఎరుపు కనిపించనివాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు గడి కిందే "ఈమెయిల్‌లో ఎట్ గుర్తు లేదు" అని వస్తుంది. ఆ వాక్యం ఐడీని, గడికి వివరణ ఎక్కడుందో చెప్పే ఏరియా-డిస్క్రైబ్డ్‌బైలో ఇచ్చాను కాబట్టి, గడిలోకి రాగానే స్క్రీన్ రీడర్ దాన్నీ చదువుతుంది. "పంపు" నొక్కితే ఫోకస్, అంటే కీబోర్డ్ ఇప్పుడు ఉన్న చోటు, మొదటి తప్పు దగ్గరికే వెళ్తుంది.

అన్నట్టు, అందం కోసం సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) తీసేసిన, ఫోకస్ ఎక్కడుందో చూపే గీతను బుద్ధిగా మళ్లీ పెట్టాను.