నియంత్రణ ప్రొటీన్ల శుద్ధి, 5వ పాఠం: ప్రొటీన్ వెంట వచ్చే డీఎన్ఏ

గత పాఠంలో హిస్టిడిన్ ట్యాగ్ (నికెల్‌ను పట్టుకునే చిన్న తోక) తగిలించిన లాక్ రిప్రెసర్‌ను, అంటే బాక్టీరియా డీఎన్ఏలో ఆపరేటర్ అనే చోట కూర్చుని లాక్ జన్యువులను ఆపే ప్రొటీన్‌ను, నికెల్ కాలమ్ మీద పట్టి, ఆ పట్టు విడిపించే ఇమిడజోల్‌తో దించాం. ఈసారి ఆ ట్యాగ్‌ను ప్రొటీన్లను కోసే టీఈవీ ప్రొటియేజ్ ఎంజైముతో కత్తిరించడం నేర్పాలనుకున్నాను కానీ, మీరు పంపిన జెల్ ఫొటోలు, రీడింగులు చూశాక ఆ పనిని వచ్చే పాఠానికి జరపక తప్పలేదు. దాదాపు అందరిదీ ఒకటే కథ. జెల్ మీద 38 కిలోడాల్టన్ల దగ్గర చక్కగా ఒక్కటే బ్యాండ్ ఉంది, దిగుబడి లెక్క ఆశించినదానికంటే ఎక్కువే తేలింది, తీరా ఆపరేటర్ డీఎన్ఏతో జెల్ షిఫ్ట్ (ప్రొటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో వెనకబడుతుందా అని చూసే పరీక్ష) చేస్తే మాత్రం ఏదీ వెనకబడలేదు. ఇందులో మీ చేతి పొరపాటు కన్నా నా పాఠం తప్పే ఎక్కువ. కాలమ్‌ను 300 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్‌తో కడగమని రాశాను. మామూలు ఎంజైములకు అది చాలు. డీఎన్ఏను పట్టుకోవడమే పనిగా పుట్టిన ప్రొటీన్‌కు అది చాలదని విడిగా చెప్పలేదు.

కణాలను పగలగొట్టిన క్షణంలో బాక్టీరియా క్రోమోజోము ముక్కలన్నీ లైసేట్‌లోకి (పగిలిన కణాల రసంలోకి) వస్తాయి. రిప్రెసర్ వాటిని ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుంటుంది, దాన్ని నికెల్ పట్టుకుంటుంది, డీఎన్ఏ కూడా వెంట వస్తుంది. కూమాసీ రంగు ప్రొటీన్‌నే చూపిస్తుంది కనుక ఆ జెల్ మీద డీఎన్ఏ ఉందో లేదో మీకు తెలిసే అవకాశమే లేదు. ఒక్క బ్యాండ్ ఉందంటే వేరే ప్రొటీన్ లేదని మాత్రమే అర్థం.

నన్ను ఏళ్ల తరబడి విసిగిస్తున్న సంగతి ఒకటుంది, దాన్ని కాస్త సాగదీసి చెబుతాను. చాలామంది 280 నానోమీటర్ల రీడింగ్ (ఆ తరంగదైర్ఘ్యపు కాంతిని నమూనా ఎంత పీల్చుకుందో చెప్పేది) ఒక్కటే రాసుకుని, పక్కనే ఉన్న 260 రీడింగ్‌ను చూడరు. శుద్ధమైన ప్రొటీన్‌కు 260ని 280తో భాగిస్తే సుమారు 0.57 వస్తుంది, శుద్ధమైన న్యూక్లియిక్ ఆమ్లానికి 2 దాకా వస్తుంది. ఈ రెండింటి మధ్య కొలత సమానంగా సాగదు. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము సగటు ప్రొటీన్ 280 దగ్గర సుమారు 1 చూపిస్తే, అంతే బరువున్న న్యూక్లియిక్ ఆమ్లం సుమారు 10 చూపిస్తుంది. కాబట్టి బరువులో 5 శాతం డీఎన్ఏ కలిసినా నిష్పత్తి 1.06కు, 10 శాతం కలిస్తే 1.32కు ఎక్కుతుంది. ఆ 10 శాతం నమూనాలో 280 రీడింగ్ 1.9 అయితే అందులో ప్రొటీన్ వాటా 0.9, మిగిలిన 1.0 డీఎన్ఏది. లాక్ రిప్రెసర్ గొలుసులో ట్రిప్టోఫాన్లు రెండే కావడంతో దాని సొంత రీడింగ్ సగటు కన్నా తక్కువగా ఉంటుంది, అందువల్ల మోసం ఇంకా పెద్దదవుతుంది. మీలో ఒకరి నమూనా 280 దగ్గర 1.30, 260 దగ్గర 1.95 చూపింది. 1941 నాటి వార్‌బర్గ్–క్రిస్టియన్ సూత్రం ప్రకారం 280 రీడింగ్‌ను 1.55తో, 260 రీడింగ్‌ను 0.76తో గుణించి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిల్లీలీటరుకు 0.53 మిల్లీగ్రాములు వస్తుంది. 1.3 అనుకుని జెల్ షిఫ్ట్‌లో వేసినది నిజానికి అందులో సగం కూడా లేదు, ఉన్నదాని చేతులేమో అప్పటికే నిండి ఉన్నాయి. ఈ సూత్రం ఉజ్జాయింపుదే, అయినా కళ్లు తెరిపించడానికి చాలు. ఇమిడజోల్ కూడా 280 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది కనుక బ్లాంక్‌గా (సున్నా కొలతకు) నీళ్లు కాకుండా దించిన బఫర్‌నే పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదు.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఇలాగే మూడు వారాలు పోగొట్టుకున్నాను. తప్పు ఆపరేటర్ ఆలిగోలో (చిన్న కృత్రిమ డీఎన్ఏ ముక్కలో) ఉందనుకుని దాన్ని రెండుసార్లు కొత్తగా తెప్పించాను. ఒక సాయంత్రం విసుగొచ్చి ప్రొటీన్ నమూనానే ఒక శాతం అగరోజ్ జెల్‌లో పోసి డీఎన్ఏను చూపించే ఇథిడియం రంగుతో చూస్తే, వెల్ నుంచి కింది దాకా పొగలాగా పరుచుకున్న డీఎన్ఏ కనిపించింది.

మీలో కొందరు డీఎన్ఏస్ ఎంజైము వేశామని రాశారు. అది స్వేచ్ఛగా ఉన్న డీఎన్ఏను నరుకుతుంది కానీ, ప్రొటీన్ కప్పుకున్న భాగం జోలికి పోలేదు. 1978లో గలాస్, ష్మిట్జ్ ఇదే గుణాన్ని ఆధారం చేసుకుని లాక్ ఆపరేటర్ మీద, ప్రొటీన్ డీఎన్ఏపై ఎక్కడ కూర్చుందో చూపే ఫుట్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. అక్కడ మనకు పనికొచ్చిన గుణమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. మరికొందరు వాష్ బఫర్‌లో ఐపీటీజీ అనే చక్కెర లాంటి అణువును కలిపారు. ఆలోచన బాగుంది కానీ, ఐపీటీజీ ఆపరేటర్ మీది పట్టునే సడలిస్తుంది, మామూలు డీఎన్ఏ మీది పట్టును పెద్దగా కదిలించదు. దాన్ని వదిలించేది ఉప్పు. ఈ రిప్రెసర్ మామూలు డీఎన్ఏను పట్టుకునేటప్పుడు సుమారు పదకొండు అయాన్ జతలు (విరుద్ధ ఆవేశాల మధ్య బంధాలు) ఏర్పడతాయని 1977లో కొలిచారు. దాని పర్యవసానం ఏమిటంటే, ఉప్పు గాఢతను రెట్టింపు చేస్తే ఆ పట్టు సుమారు వెయ్యి రెట్లు పడిపోతుంది. 300 మిల్లీమోలార్‌కు, 1 మోలార్‌కు ఉన్న తేడా ఇక్కడే ఉంది.

అందుచేత క్రమం ఇలా మార్చండి. బెంజోనేజ్ వంటి న్యూక్లియేజ్‌ను (డీఎన్ఏను నరికే ఎంజైమును) తక్కువ ఉప్పులో, మెగ్నీషియంతో, ముందుగానే వాడండి. ఉప్పు పెరిగితే అది సరిగా పనిచేయదు. తరువాత లైసేట్‌లో ఉప్పును 1 మోలార్‌కు పెంచి కాలమ్‌కు ఎక్కించి, 1 మోలార్ బఫర్‌తోనే కాలమ్ ఘనపరిమాణానికి ఇరవై రెట్లు కడగండి. హిస్టిడిన్, నికెల్ బంధానికి 2 మోలార్ ఉప్పు వల్ల కూడా హాని లేదు. దించిన ప్రొటీన్‌లో ఉప్పును 100 మిల్లీమోలార్‌కు తగ్గించి హెపారిన్ కాలమ్ మీదికి పంపండి. హెపారిన్ కూడా డీఎన్ఏలాగే రుణావేశపు గొలుసు కనుక ఖాళీ చేతులున్న రిప్రెసర్ దాన్ని పట్టుకుంటుంది, డీఎన్ఏను ఇంకా వదలనిది కాలమ్‌లో నిలవకుండా బయటికి పోతుంది. శుద్ధీ పరీక్షా ఒకేసారి అయిపోతాయి కాబట్టి పాలీఇథిలీన్ఇమిన్‌తో డీఎన్ఏను అవక్షేపించే పద్ధతి కన్నా నాకు ఇదే ఇష్టం.

ట్యాగ్ గురించి రెండు మాటలు. జీఎస్‌టీ అనే మరో ట్యాగ్ తనంతట తానే జంట కడుతుంది, జెల్ షిఫ్ట్‌లో లేని సహకారాన్ని (ఒక అణువు పట్టుకుంటే రెండోదానికి తేలికవడాన్ని) చూపిస్తుంది, అందుకే నియంత్రణ ప్రొటీన్లకు నేను దాన్ని వాడను. లాక్ రిప్రెసర్ డీఎన్ఏను పట్టేది మొదటి కొసతో కనుక ట్యాగ్‌ను చివరి కొసన పెట్టండి. జింక్ మీద ఆధారపడే జింక్ ఫింగర్ ప్రొటీన్ల దగ్గరికి, లోహాలను లాగేసుకునే ఈడీటీఏను రానివ్వకండి.

అభ్యాసం: ఒకే లైసేట్‌ను మూడు భాగాలు చేసి, మూడు చిన్న కాలమ్‌ల మీద వరుసగా 300 మిల్లీమోలార్, 1 మోలార్, 2 మోలార్ ఉప్పుతో కడిగి దించండి. ఒక్కోదానికి 260, 280 రీడింగులు, వార్‌బర్గ్ లెక్క, అగరోజ్ జెల్ ఫొటో, హెపారిన్ కాలమ్‌లో నిలవకుండా పోయిన ప్రొటీన్ శాతం ఒకే పట్టికలో రాయండి. తరువాత మూడింటితోనూ, సరిదిద్దిన గాఢత ప్రకారం సమానంగా ప్రొటీన్ తీసుకుని జెల్ షిఫ్ట్ చేయండి. రెండు రోజులు పడుతుంది. 1 మోలార్ నమూనాలో నిష్పత్తి 0.7 కన్నా కిందికి రానివారు ట్యాగ్ కోసే పాఠానికి రావద్దు, ముందు పట్టిక పంపండి.