తలాతోకా లేని సైన్స్ ఫిక్షన్‌ని చదవడం ఎలా

డగ్లస్ ఆడమ్స్ రాసిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ని సగంలో వదిలేసినవాళ్ళ ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: “నవ్వొచ్చింది గానీ, కథేదీ?” తప్పు పుస్తకానిది కాదు, మనం పట్టుకున్న కొసది. డిటెక్టివ్ నవల చదివినట్టు ‘తర్వాత ఏమవుతుంది’ అన్న కొస పట్టుకుంటే ఈ జాతి నవలలు చేతిలోంచి జారిపోతాయి. ఇక్కడ పట్టుకోవలసింది తర్కాన్ని. రచయిత ముందు ఒక్క పిచ్చి మాట ఒప్పుకోమంటాడు. ఆ తర్వాత లెక్క ఎక్కడా తప్పడు. నవ్వు పుట్టేది ఆ లెక్కలోంచే.

ముందు చిన్న పరీక్ష. ఆ నవల మొదటి అధ్యాయం, మూడో అధ్యాయం ఒకే రోజు చదవండి. మొదటిదాంట్లో ఆర్థర్ డెంట్ అనే మామూలు ఆంగ్లేయుడి ఇంటిని బైపాస్ రోడ్డు కోసం కూల్చడానికి బుల్డోజర్లు వస్తాయి. ప్లాను ఎప్పుడో ప్రజల ముందు పెట్టాం కదా, అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సింది అంటాడు అధికారి. ఎక్కడ పెట్టారయ్యా అంటే, లైటూ మెట్లూ లేని నేలమాళిగలో, ఎవరూ వాడని మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువా అడుగున. తలుపుకి ‘చిరుతపులి ఉంది జాగ్రత్త’ అని బోర్డు కూడా. మూడో అధ్యాయానికి వోగన్లు దిగుతారు. వీళ్ళు గ్రహాంతర గుమస్తాలు. అంతరిక్షంలో వేసే బైపాస్‌కి భూమి అడ్డం, కూల్చేయాలి. మరి ముందే చెప్పలేదేం? ప్లాను యాభై ఏళ్ళుగా ఆల్ఫా సెంటారీ అనే నక్షత్రం దగ్గర ఉందిగా, వెళ్ళి చూసుకోవాల్సింది!

ఈ రెండు జవాబుల కిందా పెన్సిల్‌తో గీత గీయండి. ‘మా ఇష్టం, కూలుస్తాం’ అని వోగన్లు అనుంటే అది మామూలు దండయాత్ర కథ అయ్యేది. వాళ్ళు నిబంధనలు అక్షరాలా పాటించారు, అదీ తమాషా. రోడ్డు వెడల్పు నోటీసు గోడ మీద ఎప్పుడు అంటించారో తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. రెండోచోట కూడా పెదవి కదలకపోతే ఈ పుస్తకం పక్కన పెట్టి, కింద చెప్పిన పోలిష్ రచయిత లెమ్ దగ్గరికి నేరుగా వెళ్ళండి.

మోతాదు

నవలలో 35 చిన్న అధ్యాయాలున్నాయి. ఒక పూటకి మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే చెవి మొద్దుబారుతుంది. పేరాకో చమత్కారం ఉన్న పుస్తకంలో ఇరవయ్యో చమత్కారం మొదటిదానంత రుచించదు, అది పాయసం గిన్నెల లెక్కే. రోజుకి నాలుగు చొప్పున తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. మధ్యమధ్య కథ ఆగి, కథలోనే ఉన్న ‘గైడ్’ అనే పుస్తకంలోంచి వ్యాసాలొస్తాయి. తొందరలో దాటేసేది వాటినే, అసలు సరుకు ఉన్నదీ వాటిలోనే. వాటిని పైకి చదవండి, వార్తలు చదివే గొంతుతో, ఏ భావమూ లేకుండా.

పైకి చదవమనడానికి కారణం ఉంది. ఇది పుట్టింది రేడియోలో. 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో మొదలైంది, తొలి విడతలో అరగంట చొప్పున ఆరు భాగాలు. ‘గైడ్’ గొంతు పీటర్ జోన్స్‌ది. ప్రపంచం మునిగిపోతున్నా ఆ గొంతు తొణకదు. దొరికితే మొదటి భాగం విన్నాకే పుస్తకం తెరవండి, వాక్యాల నడక పట్టుబడుతుంది. 1979లో వచ్చిన తొలి నవలలోకి ఆ ఆరింటిలో మొదటి నాలుగు భాగాల కథే ఎక్కింది. అందుకే చివర్లో నవల తెగిన గాలిపటంలా ఆగిపోతుంది. మీ కాపీలో పేజీలు చిరగలేదు, అది అంతే.

ఇంగ్లీషులో చదువుతూ మనసులో తెలుగు చేసుకునే అలవాటుంటే ఇక్కడ మానుకోవాలి. వోగన్ల ఓడలు ఆకాశంలో నిలిచిన తీరు చెప్పే వాక్యం ఒకటుంది. ఓడలు ముందొస్తాయి, పోలిక తర్వాత, చిట్టచివరి మాటలో ‘కాదు’ అన్న పిడుగు. మన భాషలో పోలిక ముందొస్తుంది: “ఇటుకలు గాల్లో ఎలా నిలవవో అలా ఓడలు నిలిచాయి.” గుట్టు ముందే బయటపడింది, వాక్యం చప్పబడింది. తెలుగులో చెప్పి ఎవరినైనా నవ్వించాలంటే విరగ్గొట్టాలి: “ఓడలు ఆకాశంలో నిలబడ్డాయి. ఇటుకలు నిలబడవు చూడండి, అలా.” అనువదించాలని సరదా పడేవాళ్ళకి ఇదే మొదటి పాఠం. కొత్త పేర్ల విషయంలో మాత్రం బెంగక్కర్లేదు. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ విని తరాలుగా నవ్వుతున్న భాష మనది.

అర్థం కానివి, అర్థం వెతక్కూడనివి

కొన్ని జోకులు కాలంతో పాటు మసకబారాయి. ఫోర్డ్ ప్రిఫెక్ట్ అనే పాత్ర వేరే గ్రహం నుంచి వచ్చి, భూమి మీద అనుమానం రాకుండా మామూలు పేరు పెట్టుకున్నాననుకుంటాడు. అది బ్రిటన్‌లో అమ్మిన ఒక కారు పేరు. మన దగ్గరికొచ్చి ‘ప్రీమియర్ పద్మిని’ అని పేరు పెట్టుకున్నట్టన్నమాట. డిజిటల్ వాచీ మీద వెటకారం కూడా అలాంటిదే, అప్పట్లో అది కొత్త మోజు.

దీనికి తలకిందులు 42. జీవితానికీ విశ్వానికీ అన్నిటికీ జవాబు కనుక్కోమంటే మహా కంప్యూటర్ 75 లక్షల ఏళ్ళు ఆలోచించి 42 అంటుంది. ఇందులో రహస్యం వెతికారో, జోకు మీ మీదే. రెండో నవలలో ఆ 42కి ప్రశ్నగా ‘ఆరు తొమ్ముల ఎంత’ అన్నది వస్తుంది. పదికి బదులు పదమూడు ఆధారంగా లెక్కిస్తే 54ని 42 అనే రాస్తారు కదా అని పట్టుకున్న ఘనులున్నారు. అలాంటి ఉద్దేశమేదీ తనకు లేదని ఆడమ్స్ కొట్టిపారేశాడు. ఇక్కడ చూడాల్సింది అంకెను కాదు. ప్రశ్నేమిటో సరిగా తెలియకుండా జవాబు అడిగారు, యంత్రం నిజాయితీగా జవాబిచ్చింది. లెక్క తప్పలేదని మొదట్లో అన్నది ఇదే.

ఆడమ్స్ ఈ వరుసలో ఐదు నవలలు రాశాడు. ఐదూ కలిపిన లావుపాటి సంపుటి చవకే గానీ ఏకబిగిన లాగించొద్దు. మొదటి రెండూ వెంటవెంటనే చదవొచ్చు. మూడోదాన్ని (1982) టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ కోసం అనుకుని వాడని కథలోంచి తయారు చేశాడు, అతుకులు కనిపిస్తాయి. కానీ లార్డ్స్ మైదానంలో తెల్ల రోబోలు యాషెస్ ఎత్తుకుపోయే ఘట్టం అందులోనే ఉంది. బేస్‌బాల్ దేశాల పాఠకులు అక్కడ తెల్లమొహం వేస్తారేమో, మనకి ఆ ఇబ్బంది లేదు. నాలుగోది చాలావరకు భూమి మీద జరిగే ప్రేమకథ. ఐదోది (1992) చీకటిగా ముగుస్తుంది, మనసు బాగాలేనప్పుడు ముట్టుకోకండి.

ఆడమ్స్ అయ్యాక ఇదే జాతివి మరో మూడు పుస్తకాలు. స్తానిస్వాఫ్ లెమ్ ‘సైబీరియాడ్’ పోలిష్‌లో 1965లో వచ్చింది. ఇంగ్లీషులో మైకేల్ కాండెల్ అనువాదమే తీసుకోండి. అది విడి కథల పుస్తకం, వారానికి రెండు చాలు. ట్రుర్ల్, క్లపౌషియస్ అనే ఇద్దరు యంత్రనిర్మాతలు, ఇద్దరూ రోబోలే, ఒకరంటే ఒకరికి కుళ్ళు. రెండూ రెండూ ఏడు అని పట్టుబట్టి, కాదన్నవాళ్ళని తరిమి కొట్టే యంత్రం కథతో మొదలుపెట్టండి. తర్వాత ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే ఏ వస్తువునైనా తయారు చేసే యంత్రం కథ. దాన్ని ‘నథింగ్’ చేయమంటారు. అది చేసి చూపించడం మొదలుపెడుతుంది, లోకంలోంచి ఒక్కొక్కటీ మాయమవుతుంటాయి.

రాబర్ట్ షెక్లీ ‘డైమెన్షన్ ఆఫ్ మిరకిల్స్’ (1968) ఆ తర్వాత. పొరపాటున లాటరీ తగిలి గెలాక్సీ మధ్యకెళ్ళిన మనిషి ఇంటికి తిరిగొచ్చే దారి వెతుక్కుంటాడు. దారిలో భూమిని కట్టిన కాంట్రాక్టరు కూడా తగులుతాడు. కర్ట్ వానగట్ ‘సైరెన్స్ ఆఫ్ టైటన్’ (1959) చివరికి దాచుకోండి. నవ్వు అందులో తక్కువ, మంట ఎక్కువ. దాని గురించి నెట్‌లో ఏమీ చదవకుండా, వెనక అట్ట కూడా చూడకుండా మొదలుపెట్టాలి. మానవ చరిత్ర అంతా ఎందుకు జరిగిందో ఆ నవల ఒక సమాధానం చెప్తుంది. అది ముందే తెలిసిపోతే సగం డబ్బు దండగ.